ప్రశ్నను సరైన ఆధారం దగ్గరికి పంపే రూటర్: ఎలా కట్టాలి, ఎలా కొలవాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పరికరాలు అమ్మే సంస్థ కోసం ఏఐ సహాయకుడిని తయారుచేశారు. మాన్యువళ్లు, వారంటీ నిబంధనలు, బిల్లింగ్ పత్రాలు అన్నీ కలిపి ఒకే వెక్టర్ డేటాబేస్‌లో (అర్థం దగ్గరగా ఉన్నవాటిని వెతికిపెట్టేది) పెట్టారు. ఇప్పుడు వారంటీ గురించి అడిగితే మాన్యువల్లోని పేరా, బిల్లు గురించి అడిగితే వారంటీ షరతు పట్టుకొచ్చి, ఏమాత్రం తడుముకోకుండా జవాబు చెప్పేస్తోంది. తాడిచెట్టెందుకెక్కావంటే దూడమేత కోసమన్నట్టు ఉంది వ్యవహారం. టీమ్‌లో ఒకరు ముందు రూటర్ పెడదామంటున్నారు, ఇంకొకరు విభాగానికో మోడల్‌ని ఫైన్ ట్యూన్ చేద్దామంటున్నారు (అంటే సొంత డేటాతో మళ్లీ శిక్షణ ఇద్దామని), మూడో ఆయన ఇంకా పెద్ద మోడల్ తీసుకుంటే సరిపోతుందంటున్నారు. ఎవరి మాట వినాలి?

రూటర్ పెడదామన్నవారి మాట వినండి. అయితే ఆ రూటర్ చేత ఏ ప్రశ్న వేయిస్తున్నారన్నదే అసలు సంగతి. "ఇది ఏ విభాగం ప్రశ్న?" అని అడిగే రూటర్ చాలామంది కడతారు. డెమోలో బాగానే ఉంటుంది, జనం వాడటం మొదలుపెట్టగానే తడబడుతుంది. అడగాల్సింది "దీనికి జవాబివ్వడానికి కావలసిన ఆధారం ఎక్కడెక్కడ ఉంది?" అని.

మీ రంగంలోదే ఒక ప్రశ్న తీసుకోండి: "బ్యాటరీ ఉబ్బింది, మార్చిస్తారా?" విభాగం అడిగితే ఎవరైనా వారంటీ అంటారు. ఆధారం అడిగితే కథ వేరు. ఉబ్బడం వారంటీ కిందికి వస్తుందా రాదా అన్నది నిబంధనల్లో ఉంది. ఈయన ఎప్పుడు కొన్నారన్నది ఆర్డర్ల టేబుల్లో ఉంది. ఉబ్బిన లిథియం అయాన్ బ్యాటరీని ఛార్జింగ్ పెట్టకూడదు, నొక్కకూడదు, గుచ్చకూడదు అన్న హెచ్చరిక మాన్యువల్లోని భద్రత పేజీలో ఉంది. విభాగం పేరు చూసి పంపే రూటర్ వారంటీ గడువు చెప్పి ఊరుకుంటుంది. చెప్పిందాంట్లో తప్పేమీ లేదు, కానీ అవతలి మనిషి ఆ బ్యాటరీని ఛార్జింగ్‌లోనే ఉంచేస్తాడు. కాబట్టి మీ రూటర్ ఇచ్చే ఫలితం ఒక పేరుగా ఉండకూడదు, జాబితాగా ఉండాలి. అందులో ఒక్కటే ఉండొచ్చు, మూడూ ఉండొచ్చు, ఏదీ లేకపోవచ్చు కూడా. ఈ చివరిదాని గురించి కింద ఎక్కువ మాట్లాడాలి.

దానికంటే ముందు ఒక అపోహ. "మిక్స్చర్ ఆఫ్ ఎక్స్‌పర్ట్స్ మోడల్ వాడితే రూటింగ్ లోపలే జరిగిపోతుంది కదా" అని మీ ప్రశ్న చివర్లో రాశారు. లోపల ఎక్స్‌పర్టులనే చాలా భాగాలుండి, అవసరమైనవే పనిచేసే మోడల్ అది. పేరు వింటే అలాగే అనిపిస్తుంది. ఆ ఆలోచన 1991లో జేకబ్స్, జోర్డన్, నోలన్, హింటన్ రాసిన పత్రం నాటిది. ఇప్పటి మోడళ్లలో మిక్స్‌ట్రాల్ 8×7బీని చూడండి. ప్రతి లేయర్లో ఎనిమిది ఎక్స్‌పర్టులుంటాయి, ఒక్కో టోకెన్‌కి, అంటే మాట ముక్కకి, వాటిలో రెండే పనిచేస్తాయి. అంటే ఎంపిక జరిగేది మాట ముక్క స్థాయిలో, ప్రశ్న స్థాయిలో కాదు. ఒక ఎక్స్‌పర్ట్ వైద్యం, ఇంకొకటి న్యాయశాస్త్రం అని పంచుకుంటాయేమోనని దాన్ని తయారుచేసినవాళ్లే వెతికి చూశారు. సబ్జెక్టును బట్టి స్పష్టమైన విభజన ఏదీ కనిపించలేదని 2024లో తమ పత్రంలో రాశారు. అది లెక్కల భారం తగ్గించే ఏర్పాటు. మీ వారంటీ పత్రం ఎక్కడుందో దానికి తెలియదు.

ఫైన్ ట్యూనింగ్ సంగతి. మూడు విభాగాలకు మూడు మోడళ్లు చేశారనుకుందాం. వచ్చిన ప్రశ్న ఏ మోడల్‌కి వెళ్లాలో చెప్పేది ఇంకా ఒకటి కావాలిగా? తప్పించుకుందామనుకున్న రూటర్ మళ్లీ గుమ్మంలోనే నిలబడుతుంది. పైగా వచ్చే నెల వారంటీ గడువు మారితే పాత అంకె మోడల్ లోపల ఎక్కడో ఇమిడిపోయి ఉంటుంది, దాన్ని వెతికి తీసేయడం కుదరదు. ఈ మాట ఏ పత్రంలోంచి చెప్పావని అడిగినా చూపించలేదు. విషయ జ్ఞానాన్ని మోడల్ బయట ఉంచి, అవసరమైనప్పుడు తెచ్చి చూపించే పద్ధతికి 2020లో లూయిస్, ఆయన సహచరులు రాగ్ అని పేరు పెట్టారు. మీ అవసరం సరిగ్గా అదే. ఫైన్ ట్యూనింగ్‌ని జవాబు తీరు కోసం దాచుకోండి: ఎంత పొడవు, ఏ ఫార్మాట్, ఏ మర్యాద. మారే వాస్తవాలను అందులో పోయకండి.

రూటర్ కట్టబోయే ముందు ఇంకో మాట. మీ కష్టాల్లో గణనీయమైన భాగం రూటర్ లేకుండానే తీరిపోవచ్చు. పత్రాలను చంకులుగా, అంటే చిన్న ముక్కలుగా, కోసినప్పుడు ప్రతి చంకూ తాను ఎక్కడిదో మరిచిపోతుంది. "పై సందర్భాల్లో ఇది వర్తించదు" అని మొదలయ్యే పేరాకి శీర్షిక లేకపోతే అది ఏ ఉత్పత్తి గురించో, ఏ సంవత్సరపు నిబంధనో ఎవరికి తెలుస్తుంది? ఎంబెడింగ్ చేసే (అర్థాన్ని అంకెల వరుసగా మార్చే) ముందే ప్రతి చంకు నెత్తిన పత్రం పేరు, ఉత్పత్తి మోడల్ నంబరు, అమల్లోకి వచ్చిన తేదీ చేర్చండి. అవే వివరాలను మెటాడేటాగా (చంకు పక్కన ఉండే విడి సమాచారంగా) కూడా పెట్టి, ప్రశ్నలో మోడల్ నంబరు కనబడితే దానితో ఫిల్టర్ చేయండి. చాకిరీ పని, ప్రెజెంటేషన్‌లో చూపించడానికి ఏమీ ఉండదు, అందుకే అందరూ దాటేస్తారు. నన్నడిగితే మొదటి వారం దీనికే కేటాయిస్తాను.

ఇక రూటర్. దాన్ని మోడల్‌కిచ్చే ఒకే పెద్ద ప్రాంప్టుగా (సూచనగా) రాయకండి, అంచెలంచెలుగా కట్టండి.

మొదటి అంచె ప్రశ్నను సంపూర్ణం చేయడం. సంభాషణ మధ్యలో "మరి రెండోదానికి?" అని వస్తుంది. అది ఒంటరిగా ఏ దారికీ, అంటే ఏ ఆధారం వైపుకీ, పోదు. ముందు జరిగిన మాటలు కలిపి "ఫలానా మోడల్‌కి వారంటీ ఎంత?" అని తిరిగి రాయించాలి. ఆ పని చిన్న మోడల్ చేసిపెడుతుంది. కానీ అసలు ప్రశ్నను పారేయొద్దు. తిరగరాసేటప్పుడు మోడళ్లు ఎర్రర్ కోడ్‌ని మింగేస్తాయి, "లేకుండా", "తప్ప" లాంటి మాటలు జారవిడుస్తాయి. రెండు రూపాలతోనూ వెతకండి.

రెండో అంచె మామూలు నియమాలు. ఆర్డర్ నంబరు ఆకారంలో ఏదైనా ఉంటే ఆర్డర్ల టేబుల్‌ని జాబితాలో చేర్చు, ఎర్రర్ కోడ్ ఉంటే మాన్యువల్‌ని చేర్చు. ఇందులో తెలివితేటలేమీ లేవు, అక్షరాల ఆకారాన్ని పోల్చి చూసే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ చాలు. నాలుగు వరుసల కోడ్ చేసే పనికి మోడల్‌ని పిలవడం డబ్బూ సమయమూ వృథా.

మూడోది ఉదాహరణలతో పోల్చడం. ఒక్కో దారికి కొన్ని పదుల నిజమైన ప్రశ్నలు తీసుకుని ఎంబెడింగులు చేసి పెట్టుకోండి. కొత్త ప్రశ్న వచ్చినప్పుడు దానికి దగ్గరగా ఉన్న పాత ప్రశ్నలు ఏ దారివో చూడండి. చాలామంది ఇక్కడ "ఈ విభాగంలో వారంటీకి సంబంధించిన సమాచారం ఉంటుంది" అని ఒక వర్ణన రాసి ప్రశ్నను దానితో పోలుస్తారు. ఫలితం పేలవంగా ఉంటుంది, ఎందుకంటే జనం అడిగే తీరు వర్ణన రాసే తీరులా ఉండదు. ప్రశ్నను ప్రశ్నతోనే పోల్చాలి. ఆ ఉదాహరణలు కూడా మీరు కూర్చుని ఊహించినవి కాకుండా లాగ్స్‌లోంచి (వాడినవాళ్ల ప్రశ్నలు నమోదైన రికార్డుల్లోంచి) తీసినవై ఉండాలి: అక్షరదోషాలతో, సగం వాక్యాలతో, కోపంతో రాసినవాటితో సహా. ఒకే ప్రశ్న తెలుగు లిపిలో ఒకలా, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగులో ఇంకోలా వస్తుంది. ఎంబెడింగ్ మోడల్ ఈ రెంటినీ పక్కపక్కన పెడుతుందన్న భరోసా లేదు. రెండు రకాలూ ఉదాహరణల్లో పెట్టి, విడివిడిగా పరీక్షించండి.

పై మూడింటితో తేలనివే పెద్ద మోడల్ దాకా వెళ్లాలి. పోలికలో ఎక్కువ స్కోరు వచ్చిన మొదటి రెండు దారుల మధ్య తేడా తక్కువగా ఉన్నవన్నమాట. మోడల్‌కి దారుల పేర్ల జాబితా ఇచ్చి, జేసన్‌లో (ప్రోగ్రామ్ చదవగల ఫార్మాట్‌లో) ఆ పేర్లు తప్ప ఇంకేమీ రాకుండా కట్టడి చేయండి, ఒకటికి మించి ఎంచుకునే వీలు ఇవ్వండి. "నీకెంత నమ్మకం, 0 నుంచి 1 దాకా అంకె చెప్పు" అని అడిగి ఆ అంకె మీద వ్యవస్థ కట్టకండి. అడిగితే ఏదో ఒక అంకె చెబుతుంది, అంతే. మామూలు క్లాసిఫయర్లు (దేన్నైనా ఫలానా రకమని వర్గీకరించే మోడళ్లు) ఇచ్చే సంభావ్యతలకూ ఈ జబ్బు ఉంది. ఆధునిక న్యూరల్ నెట్‌వర్క్‌లు తాము కరెక్టయ్యే అవకాశాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా చూపుతాయని గువో బృందం 2017లోనే చూపించింది. టెంపరేచర్ స్కేలింగ్ అనే చిన్న సవరణతో అది చాలావరకు సర్దుకుంటుందనీ చెప్పింది. మీ థ్రెషోల్డ్ (ఇంతకు మించితేనే నమ్మాలన్న హద్దు) ఏదైనా సరే, లేబుల్ చేసిన సొంత ప్రశ్నల మీద పెట్టి తేల్చుకున్నదై ఉండాలి. ఎవరో వ్యాసంలో రాసిన 0.7 మీకు పనికిరాదు.

ఇప్పుడు పైన దాటేసిన "ఏదీ కాదు" సంగతి. మూడు దారులున్న రూటర్‌కి నాలుగో దారి లేకపోతే, లోకంలోని ప్రతి ప్రశ్నా ఆ మూడింట్లో ఏదో ఒకదాంట్లో పడి తీరుతుంది. "మీ కంపెనీ షేరు కొనొచ్చా?" అన్నది బిల్లింగ్‌లోకి పోతుంది. అక్కడ దొరికిన ఏదో పేరా చూసి మోడల్ ఏదో చెబుతుంది. అక్కడ తప్పు మోడల్‌ది అంటారు గానీ, దానికి వేరే గత్యంతరం లేకుండా చేసింది మనమే. ఇది ఎంత కష్టమో కొలవడానికే 2019లో క్లింక్150 అనే డేటాసెట్ తయారుచేశారు. 10 రంగాల్లో 150 రకాల ఉద్దేశాలకు 22,500 ప్రశ్నలు, వీటిలో దేనికీ చెందనివి మరో 1,200. పరిధిలోని ప్రశ్నలను చక్కగా గుర్తుపట్టిన క్లాసిఫయర్లే, పరిధి బయటివాటిని బయటివని గుర్తించడంలో తడబడ్డాయి. కాబట్టి "ఏదీ కాదు"ని మిగిలిన ఖాళీగా వదిలేయకండి. దానికీ ఉదాహరణలు పోగుచేయండి. ముఖ్యంగా దగ్గరగా కనబడుతూ మీవి కానివి కావాలి: వేరే కంపెనీ పరికరం గురించి అడిగినవి, మీరింకా విడుదల చేయని మోడల్ గురించి అడిగినవి. వాతావరణం గురించి అడిగిన ప్రశ్నను ఏ రూటరైనా తోసిపుచ్చుతుంది, అందులో గొప్పేమీ లేదు.

"ఏదీ కాదు" పక్కనే ఇంకో దారి కావాలి, "తిరిగి అడుగు". "పనిచేయట్లేదు, డబ్బులు?" అని వస్తే రీఫండ్ అడుగుతున్నారా, రిపేరుకి ఎంతవుతుందో అడుగుతున్నారా? ఒక్క ప్రశ్న, ఎంచుకోవడానికి రెండు ఆప్షన్లు. అంతకుమించి అడిగితే మనుషులు విసిగి వెళ్లిపోతారు. సందేహం చిన్నదైతే అసలు అడగకండి, రెండు చోట్లా వెతికి, దొరికినవాటిని ప్రశ్నకు ఎంత సరిపోతాయో చూసి మళ్లీ వరుస పెట్టే రీర్యాంకర్‌తో వడపోయండి. వెతకడం చవక, తప్పు జవాబు ఖరీదు.

అలాగని ప్రతిసారీ అన్నిచోట్లా వెతికి దొరికిందంతా ప్రాంప్టులో కుమ్మరించడం పరిష్కారం కాదు. పొడవాటి సందర్భంలో మొదట్లోనూ చివర్లోనూ ఉన్న సమాచారాన్ని మోడళ్లు బాగా వాడుకుంటాయని, మధ్యలో ఉన్నదాన్ని తరచు వదిలేస్తాయని 2023లో లియూ, సహ పరిశోధకులు చూపించారు. అప్పటినుంచి మోడళ్లు మెరుగయ్యాయి, అయినా పనికిరాని చంకులు పక్కదారి పట్టించడం ఆగలేదు.

రూటర్ చూపే ప్రతి దారీ పత్రాల దగ్గరికే పోవాలని లేదు. ఇక్కడే చాలా వ్యవస్థలు దెబ్బతింటాయి. "పోయిన నెల నేనెంత కట్టాను?" అన్నది డేటాబేస్ ప్రశ్న, దాన్ని ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నించే భాష) చూసుకోవాలి. "ఏయే మోడళ్లకు రెండేళ్ల వారంటీ ఉంది?" అన్నది ఇంకా మోసకారి. చూడటానికి పత్రాల ప్రశ్నలాగే ఉంటుంది. కానీ దగ్గరి ఐదు చంకులు తెచ్చే వెతుకులాటతో ఇరవై మోడళ్ల జాబితా ఎప్పటికీ పూర్తికాదు. తెచ్చిన ఐదింటినే పూర్తి జాబితా అన్నట్టు చెబుతుంది. అలాంటివి లెక్కపెట్టే ప్రశ్నలని గుర్తించి, ముందే తయారుచేసిన ఒక టేబుల్‌కి పంపాలి. "ఈ రెంటిలో ఏది మేలు?" అన్నదాన్ని రెండు ప్రశ్నలుగా విడగొట్టి, విడివిడిగా వెతికి, తర్వాత కలపాలి.

దారి తేలాక ఆ పత్రాల సంచయం లోపల వెతికేటప్పుడు ఎంబెడింగుల మీదే ఆధారపడకండి. అర్థం దగ్గరగా ఉన్నవాటిని అవి బాగా పడతాయి గానీ, 47కీ 74కీ తేడా చూపడంలో బలహీనం. ఎర్రర్ కోడ్‌లు, విడిభాగాల నంబర్లు ఉన్నచోట బీఎం25 లాంటి పాతకాలపు పదాల వెతుకులాటే నమ్మకమైనది. రెండూ నడిపి, ర్యాంకుల ఆధారంగా కలపండి. 2009లో వచ్చిన రెసిప్రోకల్ ర్యాంక్ ఫ్యూజన్ ఇప్పటికీ చక్కగా పనిచేస్తుంది. ఒక్కో జాబితాలో ఫలితం ర్యాంకుకి 60 కలిపి, ఒకటిని దాంతో భాగించి, వచ్చినవి కూడితే చాలు. స్కోర్ల కొలమానాలు వేరువేరుగా ఉన్నాయన్న తలనొప్పి ఉండదు.

అనుమతుల గురించి ఒక్క ముక్క. రూటర్‌ని కాపలాదారుగా వాడకండి. ఒకరి బిల్లు ఇంకొకరికి కనిపించకూడదన్నది వెతికే క్వెరీలోనే, లాగిన్ అయిన ఖాతా ఆధారంగా ఫిల్టర్ అవ్వాలి. "ఇతరుల వివరాలు చెప్పొద్దు" అని ప్రాంప్టులో రాయడం రక్షణ కిందికి రాదు.

ఇక కొలత. మీ ప్రశ్నలో "ఖచ్చితత్వం పెంచాలి" అని రాశారు గానీ, ఏది ఎక్కడ తప్పుతోందో రాయలేదు. రూటర్, వెతుకులాట, జవాబు రాయడం, ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. ఒక్కోటీ పదికి తొమ్మిదిసార్లు సరిగ్గా చేసినా, మూడూ కలిసి సరిపోయేది 0.9 × 0.9 × 0.9, అంటే దాదాపు 73 శాతం. చివరి జవాబు ఒక్కటే చూసి మార్కులు వేస్తే ఆ 27 శాతం ఎవరి ఖాతాలో రాయాలో తెలియదు. అప్పుడే టీమ్‌లో ఎవరికి తోచింది వారు మార్చడం మొదలవుతుంది.

లాగ్స్‌లోంచి రెండు మూడు వందల ప్రశ్నలు యాదృచ్ఛికంగా తీయండి. వరుసగా తీస్తే ఒకే రోజు గొడవంతా వచ్చి పడుతుంది. ఇద్దరు మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ఒక్కో ప్రశ్నకు ఏయే ఆధారాలు కావాలో రాయాలి. ఇద్దరి మధ్య ఏకీభావం కాకతాళీయంగా వచ్చేదానికంటే ఎంత మెరుగో చెప్పే కొలత కోహెన్ 1960లో ఇచ్చిన కప్పా. ఒక్కో దారి తగిలిందా లేదా అన్నదాని మీద విడిగా కట్టి చూడండి. అది తక్కువగా వస్తే మోడల్ జోలికి వెళ్లకండి. మీ ఉద్యోగులే ఎటు పంపాలో తేల్చుకోలేని ప్రశ్నను యంత్రం ఎలా తేలుస్తుంది? దారుల సరిహద్దులే తప్పుగా గీశారన్నమాట. అలాంటప్పుడు రెండు దారులను కలిపేయడం తరచు సరైన పని. దారులు ఎక్కువైతే నైపుణ్యం పెరుగుతుందనుకుంటారు గానీ, ప్రతి కొత్త సరిహద్దూ పొరబడటానికి ఇంకో చోటు.

తర్వాత కన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్ (ఏ దారి ప్రశ్నలు ఏ దారికి పోయాయో చూపే పట్టిక) గీసి చూడండి, అయితే గడులన్నిటికీ ఒకే విలువ ఇవ్వకండి. బిల్లు ప్రశ్న వారంటీలోకి పోతే చిరాకు. భద్రత ప్రశ్న ఇంకెక్కడికి పోయినా ప్రమాదం. భద్రతకు సంబంధించిన మాటలు, అంటే పొగ, వేడి, వాసన, ఉబ్బు, షాక్ లాంటివి, కనిపిస్తే రూటర్ ఏమన్నా సరే భద్రత పేజీని జాబితాలో చేర్చేయాలి. కొన్నిసార్లు అనవసరంగా చేరుతుంది, చేరనివ్వండి. వెతుకులాటకు వేరే కొలత: సరైన దారిని చేత్తో ఇచ్చినప్పుడు కావలసిన చంకు మొదటి ఐదింట్లో వచ్చిందా? జవాబుకు ఇంకోటి: సరైన చంకులనే చేత్తో ఇస్తే జవాబు వాటిని దాటి ఏమైనా కల్పించిందా? ఇలా విడదీశాక చాలామంది ఆశ్చర్యపోతారు, తాము తిట్టుకున్న భాగం బాగానే ఉందని, దాని ముందుదే పాడైందని.

చివరగా పెద్ద మోడల్ కొందామన్న ఆయనకు. పది లక్షల టోకెన్లు పట్టే మోడళ్లు 2024 నుంచే ఉన్నాయి కాబట్టి, పత్రాలన్నీ ఒకేసారి ఇచ్చేయొచ్చు కదా అంటారాయన. పత్రాలు కొద్దిగా ఉండి, అందరికీ అన్నీ చూసే హక్కు ఉండి, ఒకదానికొకటి విరుద్ధంగా లేకపోతే నిజంగానే ఇచ్చేయండి, రూటర్ అక్కర్లేదు. మీ దగ్గర పాత నిబంధనలూ కొత్తవీ కలిసి ఉన్నాయని మీరే రాశారు. ఖాతాదారుల బిల్లులూ ఉన్నాయి. రెండు వేర్వేరు సంవత్సరాల వారంటీ పక్కపక్కన కనిపిస్తే పెద్ద మోడల్ కూడా ఏదో ఒకటి ఎంచుకుని ధాటిగా చెబుతుంది. పైగా ప్రతి ప్రశ్నకూ మొత్తం పత్రాలు చదివించిన ఖర్చు, ఆలస్యం. కాబట్టి ఆ నిర్ణయం ప్రస్తుతానికి పక్కన పెట్టి, మీ లాగ్‌లో ఒక్కో ప్రశ్నకు ఈ నాలుగూ నమోదయ్యేలా ఈ రోజే మార్చండి: తిరగరాసిన ప్రశ్న, ఎంచుకున్న దారులు వాటి స్కోర్లతో, తెచ్చిన చంకుల గుర్తింపు సంఖ్యలు, జవాబులో నిజంగా వాడిన చంకులు. రెండు మూడు వందల ప్రశ్నలు పోగయ్యాక కన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్ ఇక్కడ పెట్టండి, దారులు ఎక్కడ కలపాలో అప్పుడు చూద్దాం.